ఆగకుండా వాయించండి, అలా వాయించిందే పంపండి

ప్రశ్న: నా వయసు 41. విశాఖపట్నంలో ఉంటాను. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం వర్ణాల దాకా నేర్చుకున్నాను. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక డిజిటల్ పియానో కొనుక్కుని క్లాసులో చేరాను, ఇప్పుడు బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ 3కి తయారవుతున్నాను. ఏ పాఠమైనా కొన్నిసార్లు వింటే వేళ్లకు వచ్చేస్తుంది. కానీ కొత్త పేజీ ముందు పెడితే ఒక్కో నోటూ కూడబలుక్కోవాలి, రెండు బార్లు (నిలువు గీతల మధ్య గడులు) దాటేసరికి చెమటలు పడతాయి. పరీక్షలో సైట్ రీడింగ్, అంటే ముందెప్పుడూ చూడని పేజీని చూస్తూ వాయించడం, తలుచుకుంటేనే టెన్షన్. ఇంకో సంగతి. క్లాసులో పెద్దవాళ్లం కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, వారానికోసారి ఎవరి రికార్డింగ్ వాళ్లు పెట్టాలి. నేను ఇంతవరకూ ఒక్కటీ పెట్టలేదు. తప్పు లేకుండా వచ్చేదాకా తీస్తూనే ఉంటాను, చివరికి విసుగొచ్చి అన్నీ డిలీట్ చేసేస్తాను. సైట్ రీడింగ్ ఎలా సాధన చేయాలి? తప్పులున్నదాన్ని నలుగురికీ వినిపించడం అవసరమా?

సమాధానం: మీరు అడిగినవి రెండు ప్రశ్నలే గానీ, మీ ఉత్తరం చదివితే రెండింటి వెనకా ఉన్నది ఒకే అలవాటని నాకనిపించింది. తప్పు పడగానే ఆగడం, వెనక్కి వెళ్లడం, సరిచేసుకుని మళ్లీ మొదలెట్టడం. ఒక పాఠాన్ని పట్టు పట్టి నేర్చుకునేటప్పుడు అది మంచి అలవాటే. మీరు గ్రేడ్ 3 దాకా రాగలిగింది దానివల్లే. కానీ సైట్ రీడింగ్‌లో అదే అడ్డం పడుతుంది, రికార్డింగ్‌లోనూ అంతే. అందుకే రెండూ కలిపి సాధన చేయమని చెప్పబోతున్నాను, చూసి వాయించిందే రికార్డు చేసి, అదే గ్రూపులో పెట్టండి.

ముందు చదవడం సంగతి చూద్దాం.

మీ చెవి చాలా బాగుందని అర్థమవుతోంది, కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లలో చాలామందికి అలాగే ఉంటుంది. గురువుగారు పాడితే విని పట్టుకోవడమే కదా మన పద్ధతి. అయితే పియానో దగ్గర ఏం జరుగుతుందంటే, ట్యూన్ చెవికెక్కగానే కళ్లు పేజీ మీంచి లేచిపోతాయి. మీరు గ్రేడ్ 1 నుంచీ వాయించిన పాఠాలన్నీ చాలావరకు విని వాయించినవే, పేజీ ఎదురుగా ఉందంతే. అందుకని చదవడం అనే పని మీరు అసలు చేయనేలేదు. చేతకాకపోవడం వేరు, చేయకపోవడం వేరు. మీది రెండోది, కాబట్టి భయపడాల్సింది లేదు.

రెండో అనుమానం. మీ పుస్తకంలో నోట్ల కింద పెన్సిల్‌తో సి, డి, ఇ అనో స, రి, గ అనో రాసుకున్నారా? మన దగ్గర పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ రాసుకుంటారు. ఈరోజే చెరిపేయండి. అక్షరాలు కనబడుతుంటే కళ్లు వాటినే చదువుతాయి గానీ స్టాఫ్ ఐదు గీతల మీద చుక్క ఎక్కడుందో చూడవు. ‘విజయవాడ’ అని బోర్డు మీద ఉంటే మీరు వి, జ, య, వా, డ అని విడివిడిగా చదవరు, మాట మొత్తం ఒకేసారి కంటికి ఆనుతుంది. స్టాఫ్ నొటేషన్ కూడా అలాగే ఆనాలి.

ఎలా ఆనుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. బాఖ్ తన భార్య ఆనా మాగ్దలీనా కోసం 1725లో మొదలుపెట్టించిన నోటు పుస్తకంలో జి మేజర్ మినుయెట్ ఒకటుంది, పియానో నేర్చుకునేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వాయించేదే. చాలాకాలం బాఖ్ రాశాడనే అనుకున్నారు, అసలు రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. దాని కుడిచేతి మొదటి నాలుగు బార్లు చూడండి. కూడబలుక్కునేవాళ్లు డి... జి... ఎ... బి... సి... అని ఒక్కో చుక్కకీ ఒక్కో పేరు వెతుక్కుంటారు. కానీ మీకు సరళి (వరస మెట్లు), జంట (ఒకే స్వరం రెండుసార్లు), దాటు (మెట్లు వదిలి దూకడం) వరిసలు వచ్చు కదా. ఆ కంటితో చూస్తే, పైన ఒక నోటు, దాన్నుంచి కిందికి దాటు, అక్కణ్నుంచి నాలుగు మెట్లు వరసగా పైకి సరళి, మళ్లీ మొదటి నోటు మీదికే వచ్చి, కిందికి దాటి, జంట. అంతే, రెండు బార్లు అయిపోయాయి. మూడో బార్లో మళ్లీ ఒక నోటు, కొంచెం చిన్న దాటు, నాలుగు మెట్ల సరళి, తరువాత పైన ఒక నోటు, కింద జంట. జి ని స అనుకుంటే ప సరిగమ, ప స స, ద మపదని, స స స. శంకరాభరణమే. పదహారు చుక్కలకి పదహారు పేర్లు వెతకాల్సిన పని లేదు, నాలుగైదు ఆకారాలు పోల్చుకుంటే చాలు. పక్కపక్క మెట్లయితే చుక్క గీత మీంచి సందులోకి వెళుతుంది, ఒక మెట్టు దాటితే గీత మీంచి గీత మీదికో సందులోంచి సందులోకో వెళుతుంది. ఈ రెండూ చూడగానే తెలిసిపోయేదాకా మిగతావాటి జోలికి వెళ్లకండి.

(స్వరాలు మనసులో అనుకోవచ్చు, కాగితం మీద మాత్రం రాయకండి. ఇంకో జాగ్రత్త, మన స శ్రుతిని బట్టి మారుతుంది, స్టాఫ్ మీద జి ఎప్పుడూ జి దగ్గరే ఉంటుంది. కీ సిగ్నేచర్ (పేజీ మొదట్లో ఉండే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) చూసి స ఎక్కడో ముందే నిర్ణయించుకుంటే ఈ రెండూ తగువు పడవు.)

బాగా చదివేవాళ్లు ఆకారాలు పట్టుకుని ముందుకెళతారని చెప్పే సంగతి ఒకటి సంగీతజ్ఞులలో బాగా ప్రచారంలో ఉంది. బోరిస్ గోల్డోవ్‌స్కీ అనే పియానిస్టు, ఆపెరా కండక్టరు దగ్గర ఒక విద్యార్థిని బ్రామ్స్ ఓపస్ (రచన సంఖ్య) 76లోని రెండో కాప్రిచ్చో వాయిస్తూ ఒకచోట తప్పు నోటు వాయించింది. ఆయన ఆపి, సరిగ్గా చూసి వాయించమన్నాడు. చూసే వాయిస్తున్నానంది. తీరా చూస్తే అచ్చులోనే తప్పుంది. ఆ తరువాత ఆయన చేయి తిరిగిన పియానిస్టులకి అదే పేజీ ఇచ్చి, ఇందులో అచ్చుతప్పు ఉంది కనిపెట్టండి అంటే ఎవరికీ దొరకలేదట, వాళ్ల కళ్లు దాన్ని తెలియకుండానే సరిచేసుకుని వెళ్లిపోయాయి. తప్పు నోటును ఉన్నదున్నట్టు చదివింది కూడబలుక్కునే ఆ అమ్మాయి ఒక్కతే. కాబట్టి ప్రతి చుక్కనీ పట్టుకోవాలనే పంతం మంచి రీడర్ లక్షణం కాదండి. వచ్చే బార్లో ఏముండబోతుందో ఊహించగలగాలి, ఊహ తప్పినా ముందుకు పోవాలి.

ఇక రోజూ చేయాల్సిన సాధన. పది నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. ఆదివారం గంటసేపు కూర్చుంటే రాదు.

మీ స్థాయికి రెండు గ్రేడులు తక్కువ పేజీ తీసుకోండి. అంటే గ్రేడ్ 1, లేదంటే ఇంకా తేలిక. చిన్నపిల్లల పాఠాలని మొహమాటపడకండి, వాటిలోనే చేయి స్థిరపడుతుంది. ముందు అర నిమిషం కీల మీద చేయి పెట్టకుండా చూడండి. పరీక్షలోనూ మీకు అర నిమిషమే ఇస్తారు, అక్కడ కావాలంటే ఏ భాగమైనా వాయించి చూసుకోవచ్చు కూడా, కానీ చాలామంది ఆ అర నిమిషమూ మొదటి బార్ మీదే ఖర్చు పెట్టేసి మూడో బార్లో మునిగిపోతారు. కీ సిగ్నేచర్, టైమ్ సిగ్నేచర్ (బార్‌కి ఎన్ని దెబ్బలో చెప్పే అంకెలు), రెండు చేతులూ ఎక్కడ మొదలవుతాయి, అన్నిటికన్నా కష్టంగా కనబడే బార్ ఏది. ఆ కష్టమైన బార్‌ను ఏ వేగంలో వాయించగలరో అదే మొత్తం పేజీ వేగం. నత్తనడకలా అనిపించినా అదే.

లయ దగ్గర మీకు పెద్ద ఆస్తే ఉంది, మీరు దాన్ని వాడుకోవడం లేదేమో. క్రాచెట్‌ను తా (ఒక దెబ్బ) అనుకోండి, అదే దెబ్బలో పడే రెండు క్వేవర్లు తక, నాలుగు సెమీక్వేవర్లు తకధిమి, మూడు పడే ట్రిప్లెట్ తకిట. ఇందాకటి మినుయెట్ మొదటి రెండు బార్లు తా తక తక, తా తా తా. తాళం వేస్తూ పేజీ మొత్తం నోటితో ఒకసారి అనేసి అప్పుడు వాయించండి. సైట్ రీడింగ్‌లో తడబాట్లు చాలావరకు నోటు తెలియక వచ్చేవి కావు, ఏ నోటు ఎంతసేపు ఉంచాలో తేలక వచ్చేవి. అది ముందే తేలిపోతే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది.

మొదలెట్టాక ఒక్కటే నియమం. ఆగకూడదు. కుడిచెయ్యి తప్పినా, ఎడమచెయ్యి రెండు బార్లు మాయమైపోయినా, షార్ప్ మరిచిపోయినా, తాళం నడుస్తూనే ఉండాలి. మరీ ఇబ్బందిగా ఉంటే ఎడమచేతిలో ప్రతి బార్‌కీ మొదటి నోటు ఒక్కటే వేయండి, మిగతాది వదిలేయండి. వెనక్కి వెళ్లి సరిచేయాలని వేళ్లు లాగుతాయి, మొదటి వారం అది చాలా కష్టంగా ఉంటుంది. టిక్ టిక్ మని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుంటే కాస్త మేలు, అది మన కోసం ఆగదు కాబట్టి.

కళ్లు పేజీ మీదే ఉండాలి. చేతుల కేసి చూడకుండా కీ ఎక్కడుందో తెలియాలంటే నల్ల కీల గుంపులు తడమడం నేర్చుకోండి, రెండు నల్ల కీల మధ్యది డి, ఆ జంటకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్నది సి, మూడింటి గుంపుకు ఎడమ పక్కన ఎఫ్. కళ్లు మూసుకుని రోజూ ఒక్క నిమిషం తడిమి చూడండి. పల్చటి కండువా ఒకటి చేతుల మీద కప్పుకుని వాయించమని నేను మా దగ్గరికి వచ్చేవాళ్లకి చెబుతుంటాను, మొదట నవ్వుకుంటారు గానీ బాగా పనిచేస్తుంది.

ఒకసారి వాయించిన పేజీని రెండోసారి వాయిస్తే అది సైట్ రీడింగ్ కాదు, మీలాంటి చెవి ఉన్నవాళ్లకి అసలే కాదు. అందుకని బోలెడన్ని కొత్త పేజీలు కావాలి. నేను మొదట చెప్పేది హంగేరీ స్వరకర్త బార్టోక్ ‘మైక్రోకాస్మోస్’. 1926 నుంచి 1939 దాకా రాసిన 153 చిన్న పాఠాలు, ఆరు సంపుటాలు, మొదటి రెండూ కొడుకు పీటర్‌కి అంకితమిచ్చాడు. మొదటి సంపుటంలో 36 ఉన్నాయి, రెండు చేతులూ ఒకే ట్యూన్ వాయించేవాటితో మొదలవుతాయి. మీకు దీనివల్ల ఇంకో పెద్ద లాభం, ఆ ట్యూన్లు చెవి ఊహించే దారిలో వెళ్లవు, కాబట్టి చెవిని నమ్ముకుని నెట్టుకురావడం కుదరదు, చదివి తీరాలి. బార్టోక్ 1945లో పోయాడు, మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది, కాబట్టి ఇక్కడ ఆ ఇబ్బందీ లేదు. అది అయ్యాక చెర్నీ ఓపస్ 599లోని మొదటి పాఠాలు చూడండి, మొత్తం 100 ఉన్నాయి, స్వరప్రతుల వెబ్‌సైట్ ఐఎంఎస్‌ఎల్‌పిలో ఉచితంగా దొరుకుతాయి. మీ ఊళ్లో పాత చర్చికి వెళ్లే స్నేహితులుంటే స్టాఫ్ నొటేషన్ ఉన్న ఇంగ్లిష్ హిమ్నల్ (కీర్తనల పుస్తకం) అడిగి చూడండి, నాలుగు గొంతులు ఒకేసారి చదవడం ఇప్పుడే రాదు గానీ, పై గొంతూ కింది గొంతూ మాత్రం తీసుకుని చదివితే మంచి సాధన.

పరీక్ష గురించి ఒక మాట. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షలో మొత్తం 150 మార్కులకు సైట్ రీడింగ్‌వి 21. పాస్ కావడానికి మొత్తం మీద 100 వస్తే చాలు, ప్రతి విభాగంలోనూ విడిగా గట్టెక్కాలని లేదు. ఎగ్జామినర్ చూసేది కూడా మీరు తాళం నిలబెట్టుకుంటూ చివరిదాకా వచ్చారా లేదా అన్నదే ముఖ్యంగా. పెద్ద పియానిస్టులు చూడగానే పొల్లుపోకుండా వాయిస్తారని వింటుంటాం. 1870లో రోమ్‌లో మహా పియానిస్టు లిస్ట్ ముందు నార్వే స్వరకర్త గ్రీగ్ తన పియానో కాన్సెర్టో రాతప్రతి పెడితే ఆయన అక్కడికక్కడ చూసి వాయించేశాడు, ఇది చాలామంది చెప్పేదే. కానీ మొదటి భాగం మరీ వేగంగా ఎత్తుకున్నాడని, ఆరంభం కాస్త గందరగోళంగా వినిపించిందని గ్రీగే ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. లిస్ట్ అంతటివాడికే మొదటి చూపులో అలా జరిగింది, ఆయన మాత్రం ఆగలేదు.

ఇప్పుడు రికార్డింగ్.

మీరు తప్పు లేకుండా వచ్చేదాకా తీస్తున్నారంటే మనసులో ఏదో రికార్డును పోల్చుకుంటున్నారు. ఆ రికార్డులు ఎలా తయారవుతాయో తెలుసుకుంటే కొంత ఊరట. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు, బాఖ్ ఫ్యూగ్ ఒకదాన్ని రెండు వేర్వేరు టేకుల్లోంచి ముక్కలు తీసి అతికించామని ఆయనే 1966లో రాశాడు. అది ఆయన కళలో భాగం, నేను తప్పు పట్టడం లేదు. కానీ ఫోన్ ముందు పెట్టుకుని ఒకే టేకులో మీరు అందుకోవాలనుకుంటున్నది అతుకుల్ని. అతికించే సౌకర్యం లేని రోజుల్లో, 1932 నుంచి 1935 దాకా పియానిస్టు ఆర్టర్ ష్నాబెల్ బీథోవెన్ సొనాటాలు 32నీ మొట్టమొదటిసారి పూర్తిగా రికార్డు చేశాడు. వాటిలో తప్పు నోట్లు ఉన్నాయి, అందరికీ తెలుసు. ఇప్పటికీ వింటున్నారు, నేనూ వింటాను, ఆ స్లో మూవ్‌మెంట్లు విన్నాక తప్పు నోట్లు లెక్కపెట్టాలని ఎవరికీ అనిపించదు.

అవసరమా అని అడిగారు. అవసరమే. వాయించేటప్పుడు మీరు నోట్లు వెతుక్కునే పనిలో ఉంటారు, తాళం ఎక్కడ సాగిందో మీ చెవికి తెలియదు. రికార్డు చేసి మర్నాడు చేత్తో తాళం వేస్తూ వింటే ఐదో బార్ దగ్గర చెయ్యి ఆగిపోతుంది, అక్కడ ఏముందో పేజీలో చూస్తే ఐదు గీతలు దాటి అదనపు చిన్న గీత మీద పడే లెడ్జర్ లైన్ నోటో, వేలు మార్పో ఉంటుంది. రెండు వారాలు వింటే మీ తడబాట్లు ఒకే రకం చోట్ల వస్తున్నాయని మీకే తెలుస్తుంది. ఇంకా పెద్ద లాభం, తోటివాళ్లకి కలిగేది. మీరు ఒక్కటీ పెట్టకపోతే గ్రూపులో ఇంకొకరు కూడా నాకొక్కదానికే రావడం లేదనుకుని మానేస్తారు. గ్రేడ్ 3 చదివేవాళ్లకి గ్రేడ్ 3 తడబాటు వినబడాలి, కచేరీ పియానిస్టు రికార్డు ఎలాగూ ఎక్కడైనా వినొచ్చు.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్ పియానో మీద పెట్టకండి, కీల చప్పుడే ఎక్కువ పడుతుంది, రెండడుగుల అవతల కుర్చీ మీద పెట్టండి. ఎప్పుడూ చూడని పేజీ తెరిచి, అర నిమిషం చూసి, రికార్డు నొక్కి, చివరిదాకా వాయించి, ఆపేయండి. ఒకే టేకు. రెండోది తీస్తే చూసి వాయించింది కాకుండా పోతుంది కాబట్టి మళ్లీ తీయాలన్న ప్రశ్నే రాదు, మీ డిలీట్ జబ్బుకి ఇదే మందు. విని బాధపడకముందే పంపేయండి. పంపేటప్పుడు క్షమాపణలు రాయకండి, ఏం వినమంటున్నారో ఒక్క వాక్యం రాయండి. ‘మైక్రోకాస్మోస్ మొదటి సంపుటం 12, మొదటిసారి చూసి వాయించాను, తాళం ఎక్కడ జారిందో చెప్పండి’ అని. అలా అడిగితే వినేవాళ్లకీ దేనికోసం వినాలో తెలుస్తుంది, లేకపోతే చప్పట్ల బొమ్మలు వచ్చిపడతాయి, మనసుకి బాగుంటాయి గానీ సాధనకి పనికిరావు. మీరు ఇతరులవి విన్నప్పుడూ అలాగే, 20వ సెకను దగ్గర ఎడమచెయ్యి ముందు పడింది అని చెప్పండి, మీకు ఎడమచెయ్యి బాగోదు అనకండి. అడగనిది సరిచేయకండి. ఫ్యామిలీ గ్రూపులోనూ స్టేటస్‌లోనూ మాత్రం ఇప్పుడే పెట్టొద్దు, పెదనాన్నగారో వదినగారో ప్రేమతోనే ఏదో అంటారు, అది పట్టుకుని మీరు నెల రోజులు పియానో మూత తీయరు.

ఏబీఆర్‌ఎస్‌ఎం 2020లో తెచ్చిన పర్ఫార్మెన్స్ గ్రేడ్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, నాలుగు పాఠాలు ఆపకుండా ఒకే వీడియోగా తీసి పంపాలి, సైట్ రీడింగ్ ఉండదు. సైట్ రీడింగ్ తప్పించుకోవడానికి అటు మారదామని అనిపిస్తే మారకండి. ఒకే టేకు భయం అక్కడా ఎదురవుతుంది, చదవడం మాత్రం రాకుండా ఉండిపోతుంది.

చివరగా, మీ గ్రూపు మొత్తానికి పనికొచ్చేది ఒకటి. సైట్ రీడింగ్‌కి నాలుగు చేతుల పియానోని మించిన సాధన నాకు తెలియదు, పక్కనున్న మనిషి వాయిస్తూ వెళ్లిపోతుంటే మనం ఆగలేం. డియాబెల్లీ ఓపస్ 149 అని 28 చిన్న డ్యుయెట్లున్నాయి, పై భాగం ప్రిమో మొత్తం ఐదు నోట్ల మీదే నడుస్తుంది, చేయి జరపక్కర్లేదు. కింది భాగం సెకండో కొంచెం కష్టం, అది మీ గ్రూపులో పై గ్రేడులో ఉన్నవాళ్లెవరైనా, లేదా మీ టీచర్‌గారైనా వాయించి రికార్డు చేయాలి. ముందు రెండు బార్లు నోటితో లెక్కపెట్టి మొదలెట్టి, మెల్లగా వాయించి గ్రూపులో పెట్టమనండి. మిగతావాళ్లందరూ దాన్ని ఇయర్‌ఫోన్‌లో ఒక చెవిలో పెట్టుకుని, ప్రిమో అప్పుడే మొదటిసారి చూస్తూ దాని మీద వాయించి పంపాలి. అందరికీ ఒకే పేజీ, ఒకే టేకు, అందరివీ తప్పులుంటాయి, ఎవరివి ఎక్కడున్నాయో పక్కపక్కనే వినొచ్చు. ఈ వారం గ్రూపులో ఈ మాట ఎత్తండి, మొదటి డ్యుయెట్‌కి మొదటి ప్రిమో మీదే కావాలి.